జల్లెడలో పడ్డ సముద్రం

(విశాఖపట్నంలో చిత్రకళ విద్యార్థుల ముందు ఒక స్క్రీన్ ప్రింట్ చిత్రకారిణి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి, పర్లేదు.

బొమ్మలు చూపించే ముందు ఒక గుడ్డ చూపిస్తాను. ఇదిగో. ఒకరి నుంచి ఒకరు అందుకోండి. వేలితో తడిమి చూడండి. కిటికీ వైపు పట్టుకుని, వెలుతురులో చూడండి. ఏమిటది? అవును, స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్లు వెంటనే పోల్చుకున్నారు. మెష్. రంగు కిందికి దిగే జల్లెడ గుడ్డ. 120 నంబరు మెష్, అంటే సెంటీమీటరుకి 120 పోగులు. దాని ఒక్కో కన్ను 50 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. మా నాన్నగారి షాపులో ఈ గుడ్డ మీదే శుభలేఖలు వేసేవాళ్లం. పసుపు రంగు, కుంకుమ రంగు, బంగారు రంగు. నా చిన్నతనమంతా ఈ గుడ్డ కడగడంలోనే గడిచింది.

ఒకసారి మెరైన్ బయాలజీ చదివే అమ్మాయి ఏదో కవరు పేజీ వేయించుకోవడానికి షాపుకి వచ్చింది. ఆరబెట్టిన ఫ్రేము చూసి, "అక్కా, మేం సముద్రంలో లాగే వల కూడా ఇలాంటి గుడ్డతోనే కడతారు" అంది. నేను నమ్మలేదు. తర్వాత తెలిసింది, నిజమే. పూర్వం పిండిమరల్లో పిండి జల్లించడానికి ఒక సన్నని పట్టుగుడ్డ నేసేవారు. ఆ గుడ్డే ప్లవకాలు పట్టే వలకీ వెళ్లింది, ఆ గుడ్డే మన స్క్రీన్ ప్రింటింగ్‌కీ వచ్చింది. సిల్క్ స్క్రీన్ అనే పేరులో ఉన్న సిల్కు అదే. పిండి జల్లించిన గుడ్డ, రంగు జల్లించిన గుడ్డ, సముద్రాన్ని జల్లించిన గుడ్డ. మూడూ ఒకటే గుడ్డ.

ప్లవకాలు అంటే అందరికీ తెలుసు కదా? స్కూల్లో చదివే ఉంటారు. ప్రవాహానికి ఎదురీదలేక నీళ్లతో పాటు కొట్టుకుపోయే జీవులు. ఆ వలకి 1887లో ప్లాంక్టన్ అని పేరు పెట్టినవాడు విక్టర్ హెన్సెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త. వలకి అన్నాను, వలలో పడ్డవాటికి. వాటిలో సూర్యరశ్మితో తిండి తయారుచేసుకునేవి వృక్షప్లవకాలు. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోనే, ఇవే చేస్తాయి. ఆ లెక్కలోకి ఎక్కువసేపు వెళ్లను, మీకు పుస్తకాల్లో దొరుకుతుంది.

సరే, నేను వల కట్టుకున్నాను. మందపాటి ఇనుప తీగతో ఒక చుట్టు, దానికి గరాటులా కుట్టిన మెష్, కొసకి ఒక మందు సీసా. తెల్లవారుజామున పెదజాలరిపేట నుంచి ఒక ఫైబర్ బోటులో తీసుకెళ్లారు. ఆ బోటులో పెద్దాయన ఒకరున్నారు, నేను తాతా అని పిలిచేదాన్ని. నా వల చూసి, "ఏటమ్మా ఇది? ఇందులో ఏటి పడతాది?" అన్నాడు. కంటికి కనిపించనివి పడతాయి తాతా అన్నాను. ఆయన ఏమీ అనలేదు. పది నిమిషాలు లాగి పైకి తీస్తే, సీసా అడుగున ఆకు పసరులాంటిది పావు అంగుళం చేరింది. జిగురుగా, గోధుమరంగుకీ ఆకుపచ్చకీ మధ్య. అప్పుడు ఆ తాత సీసా చేతిలోకి తీసుకుని, వాసన చూసి, "ఇదా? ఈ నీరుంటే కవ్వలు ఉంటాయి" అన్నాడు. కవ్వలంటే ఒక రకం చేపలు. చూడండి, నేను కనిపించనిది అన్నాను. ఆయన దాన్ని ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాడు. రంగుగా చూశాడు, వాసనగా చూశాడు, చేపల వేటగా చూశాడు. విడివిడి జీవిగా మాత్రం ఎవరూ చూపించలేదు, అంతే.

ఇంటికొచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. మొట్టమొదట కనిపించింది ఇదిగో, ఈ గుండ్రటిది. డయాటమ్. గాజులాంటి పెంకులో బతికే ఒంటికణపు వృక్షప్లవకం. దీని పేరు కాసినోడిస్కస్. గ్రీకులో ఆ పేరుకి అర్థమేమిటో తెలుసా? జల్లెడ పళ్లెం. గాజు బిళ్ల మీద అంచు నుంచి నడిమికి వరుసలుగా కన్నాలు. తేనెపట్టులా ఆరు మూలల కన్నాలు. జల్లెడతో పట్టాను, జల్లెడే పడింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మీరు నా వయసువాళ్లయితే, ముగ్గులు పెట్టిన చేతులైతే, ఆ గుండ్రాన్ని చూడగానే ఏమనిపిస్తుంది? చుక్కల ముగ్గే. నాకూ అదే అనిపించింది. అక్కడే నేను దారి తప్పాను. ఆ తప్పడం గురించి చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

రెండేళ్లపాటు వేసిన ప్రింట్లు ఇవి. చూడండి. నల్లటి నేపథ్యం. నట్టనడుమ ఒక్క డయాటమ్. తెల్లగా, వెండిలా, కొలిచి గీసినట్టు. దీని పక్కన ఇంకొకటి, ఇది మూడు మూలలది. ఇది పడవలా ఉన్నది. బాగున్నాయి కదా? బాగున్నాయి. అమ్ముడుపోయాయి కూడా. ఒక ప్రదర్శనకి జువాలజీ చెప్పి రిటైరైన మేడమ్ ఒకావిడ వచ్చారు. ప్రతి బొమ్మ దగ్గరా చాలాసేపు నిలబడ్డారు. చివర్లో నన్ను పిలిచి, "బాగా గీశావు తల్లీ. ఇది ఎక్కడుంది?" అన్నారు. నాకు అర్థం కాలేదు. "పైన వెలుతురు లేదు. కింద లోతు లేదు. దీన్ని తినేది పక్కన లేదు. ఇది బతికున్నదా, పోయినదా?" అన్నారు.

పోయినదే. నేను గీసినవన్నీ పోయినవే. ఆసిడ్‌తో కడిగి, లోపలి జీవం తీసేసి, గాజు పెంకు మాత్రం మిగిల్చిన స్లైడులు చూసి గీశాను. బతికున్న డయాటమ్‌లో బంగారు గోధుమరంగు గింజల్లాంటివి నిండుగా ఉంటాయి, అవే దాని ఆకులు అనుకోండి. ఆ రంగు నా బొమ్మల్లో ఒక్కదాంట్లోనూ లేదు.

ఈ నల్ల నేపథ్యం, ఈ ఒంటరి అందం మనకి ఎక్కడి నుంచి వచ్చింది? దీని వెనక ఒక పెద్ద మనిషి ఉన్నాడు, జర్మన్ జీవశాస్త్రవేత్త. ఎర్న్‌స్ట్ హెకెల్. ఈ రంగంలో బొమ్మ వేసే ఎవరైనా ఆయన గుమ్మం తొక్కకుండా రాలేరు. వైద్యం చదివాడు, ఇటలీ వెళ్లాడు, చిత్రకారుడైపోదామా అనుకున్నాడు. 1859, 60లో మెస్సీనా దగ్గర సముద్రంలో రేడియోలేరియా అనే గాజు ఎముకల జీవుల్ని చూశాడు. ఇక వదల్లేదు. 1872 నుంచి 1876 దాకా ఛాలెంజర్ అనే ఓడ ప్రపంచ సముద్రాలన్నీ తిరిగి మట్టీ నీళ్లూ పోగుచేసింది. హెకెల్ ఆ ఓడ ఎక్కలేదు, అది తెచ్చిన నమూనాలు ఆయన దగ్గరికి వచ్చాయి. 1887లో నివేదిక తెచ్చాడు. 3,500కు పైగా కొత్త జాతులు, 140 చిత్రఫలకాలు. తర్వాత 1899 నుంచి 1904 దాకా, ప్రకృతిలోని కళారూపాలు అని వంద ఫలకాలు విడతలుగా వేశాడు. వాటిని అచ్చు వేసే లితోగ్రాఫ్ రాతి మీదికి ఎక్కించింది అడాల్ఫ్ గిల్ష్ అనే ఆయన. ప్రింటింగ్ మనిషిగా ఆ పేరు నేను ప్రతిచోటా చెబుతాను, ఎందుకంటే ఆయన్ని ఎవరూ తలుచుకోరు. 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనకి రెనే బినే అనే ఆర్కిటెక్ట్ కట్టిన ప్రధాన ద్వారం కూడా హెకెల్ గీసిన రేడియోలేరియా చూసి కట్టిందే. కంటికి ఆనని జీవి ఎముక గూడు, ఊరంతా దూరి వెళ్లే ద్వారమైంది.

ఇప్పుడు నన్ను చాలా రోజులు పట్టి పీడించిన విషయం చెబుతాను. జీవికీ దాని పరిసరాలకీ ఉన్న సంబంధాన్ని చదివే శాస్త్రం, ఎకాలజీ. ఆ మాట ఎవరు పుట్టించారు? హెకెలే. 1866లో. అదే మనిషి! జీవిని దాని ఇంటితో కలిపి చూడాలన్న మాట పుట్టించిన చెయ్యే, జీవిని ఇంట్లోంచి తీసి నల్ల కాగితం మీద ఒంటరిగా నిలబెట్టింది. ఉన్నదానికంటే అన్ని వైపులా సరిసమానంగా, చక్కగా దిద్ది గీశాడని ఆయన మీద విమర్శ కూడా ఉంది. మనుషుల్ని కూడా ఎక్కువ జాతి, తక్కువ జాతి అని మెట్లుగా పేర్చి రాశాడు, అది తప్పు, ఆ తప్పుని బొమ్మల అందం కింద దాచిపెట్టకూడదు. అయినా ఆ ఫలకాల ముందు కూర్చుంటే నాకు ఇప్పటికీ చెయ్యి ఆడదు. అంత గొప్ప పని. గొప్ప పని కాబట్టే నూట పాతికేళ్లయినా మనం అలాగే గీస్తున్నాం. ఒక్క జీవి, నల్ల కాగితం, నడుమ. మీలో ఎంతమంది అలాగే వేశారు? చేతులెత్తండి. చూశారా.

మరి ఎలా గీయాలి? నేను ఆ మేడమ్ దగ్గర రెండేళ్లు కూర్చున్నాను. నేర్చుకున్నవన్నీ చెప్పడానికి టైము లేదు, బొమ్మని మార్చినవి మాత్రం చెబుతాను.

కీటోసెరాస్ అని ఒక డయాటమ్ ఉంది. గొలుసులు గొలుసులుగా, ప్రతి కణానికీ పొడుగాటి ముళ్లు. ముందు నేను ఆ ముళ్లని అలంకారంలా గీశాను, నగ అంచులకి పూసలు వేలాడినట్టు. ముల్లు ఎందుకుందో తెలిశాక గీత మారిపోయింది. డయాటమ్ పెంకు సిలికా, గాజులాంటిది. గాజు బరువు. బరువైనది మునుగుతుంది. వెలుతురు పైనే ఉంది. మునిగితే చావు. అంత పొడుగు ముళ్లు చాచుకుంటే నీళ్లు పట్టుకుంటాయి, మునగడం నెమ్మదిస్తుంది. తినడానికి వచ్చేవాటికి నోట్లో పట్టదు కూడా. అంటే ఆ ముల్లు గీత కిందికి లాగే బరువుకీ, పట్టుకునే నీళ్లకీ మధ్య గీత. అది తెలిసిన చెయ్యి ఆ గీతని వేరేగా గీస్తుంది. ఇదిగో, ఈ రెండూ పక్కపక్కన పెడుతున్నాను. మొదటిది 2011, రెండోది 2015. తేడా మీకే కనిపిస్తుంది.

ఇంకొకటి. ఇది నాకు చాలా ఇష్టం. డయాటమ్ పెంకు రెండు ముక్కలు, డబ్బా, మూత. మూత కాస్త పెద్దది, డబ్బా కాస్త చిన్నది. కణం రెండుగా చీలేటప్పుడు ఒక పిల్ల మూత తీసుకుంటుంది, ఒక పిల్ల డబ్బా తీసుకుంటుంది. తనకి దొరికినదాన్ని ప్రతి పిల్లా మూతగానే పెట్టుకుని, లోపలికి కొత్త డబ్బా చేసుకుంటుంది. ఇప్పుడు ఆలోచించండి. డబ్బా తీసుకున్న పిల్ల ఏమవుతుంది? తల్లికంటే చిన్నదవుతుంది. దాని పిల్ల ఇంకా చిన్నది. తరం తర్వాత తరం కుంచించుకుపోతూ ఉంటుంది. ఒక హద్దు దాకా వచ్చాక ఏం చేస్తుంది? గాజు గూడు మొత్తం వదిలేస్తుంది. మెత్తటి పొరలో ఉబ్బి, మళ్లీ తన జాతి పూర్తి సైజుకి వచ్చి, కొత్త గాజు కట్టుకుంటుంది. ఇది విన్న రోజు రాత్రి నేను షాపులో పాత ఫ్రేములన్నీ దించాను. పెద్ద ఫ్రేము నుంచి చిన్న ఫ్రేము దాకా తొమ్మిది. ఒకే డయాటమ్‌ని తొమ్మిది సైజుల్లో, ఒకదాని పక్కన ఒకటి, చిన్నదైపోతూ వేశాను. పదో కాగితం మీద గీత లేదు. పలచటి గోధుమరంగు మరక, అంచులేనిది, ఉబ్బుతున్నది. పదకొండోది మళ్లీ పెద్దది. ఆ పదో కాగితం చూసి ప్రింటు చెడిపోయిందనుకున్నారు చాలామంది. నా మొత్తం పనిలో నేను దగ్గర పెట్టుకున్నది ఆ కాగితమే, అమ్మలేదు.

సైజు అనగానే ఒక లెక్క. నాతో పాటు వేయండి. 100 మైక్రాన్ల డయాటమ్‌ని నేను ఒక మీటరు వెడల్పున వేశాను. పదివేల రెట్లు. అదే లెక్కన దాన్ని తినే కోపీపాడ్, రొయ్యకి చుట్టం లాంటి చిన్న జీవి, ఒక మిల్లీమీటరు ఉంటుంది, అది పది మీటర్లు. మూడంతస్తుల ఇల్లు. కోపీపాడ్‌ని తినే నెత్తలి చేప, పది సెంటీమీటర్లు, అది కిలోమీటరు. ఆ నెత్తళ్లు వేయించుకు తినే నేను పదహారు కిలోమీటర్లు. ఆర్కే బీచ్‌లో తల పెట్టి పడుకుంటే నా కాళ్లు రుషికొండ దాటిపోతాయి. ఒక జీవిని పెద్దది చేసి గీశామంటే, దాని చుట్టూ ఉన్నవన్నిటినీ కాగితం బయటికి నెట్టేశామన్న మాట. ఆ సంగతి గీసేవాళ్లకి తెలిసుండాలి. తెలిశాక నెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం.

మన తీరం సంగతి ఒక్కమాట. బంగాళాఖాతంలో గోదావరి, కృష్ణ, మహానది, గంగ, ఇన్ని నదుల మంచినీళ్లు వచ్చి పైన మూతలా పరుచుకుంటాయి. అడుగున ఉన్న ఎరువు పైకి రావడం కష్టం. కానీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన విశాఖ తీరం వెంట నైరుతి నుంచి గాలి వీస్తుంది. ఆ గాలి పై నీళ్లని ఒడ్డు నుంచి దూరంగా తోస్తుంది, వాటి చోటులోకి అడుగు నుంచి చల్లటి నీళ్లు వస్తాయి. ఎరువు వస్తుంది. డయాటమ్‌లు విరగకాస్తాయి. 1950లలోనే ఆంధ్రా యూనివర్సిటీలో లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఇక్కడి మనవాళ్లు ఇదంతా కొలిచారు. అదే యూనివర్సిటీలో పి.ఎన్. గణపతి గారు, జి.సి. రావు గారు ఈ బీచ్ ఇసుక రేణువుల సందుల్లో బతికే జీవుల మీద 1962లో పరిశోధన ప్రచురించారు. మనం చెప్పులేసుకుని నడిచే ఇసుక! ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ వాళ్లు ఉపగ్రహం నుంచి సముద్రం రంగు, వేడి చూసి, చేపలు ఎక్కడ దొరకొచ్చో జాలర్లకి కబురు పంపుతారు. ఆ రంగు ఏమిటి? ఈ ప్లవకాల పచ్చదనమే. మా తాత బోటులో సీసా వాసన చూసి చెప్పిన మాటే అంత పైనుంచీ చెబుతున్నారు.

ఇక నా చివరి పని దగ్గరికి వస్తాను. ఇద్దరు వచ్చి ఈ కొస పట్టుకోండి బాబూ. నెమ్మదిగా, కింద తగలకుండా. 18 అడుగుల గుడ్డ ఇది.

సముద్రం అడ్డంగా ఉండదు, నిలువుగా ఉంటుంది. పైన వెలుతురు, కింద చీకటి. ఫ్రేములో నిలువు పట్టదు. మరి నిలువుగా కథ చెప్పే బొమ్మ మనకి లేదా? ఉంది. చేర్యాల నకాషీ పటం. పదుల అడుగుల గుడ్డ, గడులు గడులుగా బొమ్మలు, కథ చెప్పేవాళ్లు ఒక్కో గడి విప్పుతూ పాడతారు. నేను చేర్యాల వెళ్లి ఒక పెద్దాయన ఇంట్లో నెల రోజులున్నాను. చింతగింజల అంబలి కాయడం, సుద్దతో గుడ్డకి పూత వేయడం, అక్కడే నేర్చుకున్నాను. పేచీ ఒక్క రంగు దగ్గరే వచ్చింది. నకాషీ పటానికి నేపథ్యం ఎరుపు. సముద్రానికి ఎరుపు ఏమిటని నేను నీలం కలిపాను. ఆయన చూసి, "ఎర్రగ లేకుంటే బొమ్మ లేవదు బిడ్డా" అన్నారు. నేను వినలేదు. నీలం మీద గీశాను. నిజంగానే బొమ్మ లేవలేదు.

వైజాగ్ వచ్చాక మేడమ్‌కి చెబితే ఆవిడ నవ్వి, "సముద్రంలో ఏ రంగు ముందు ఆరిపోతుందో తెలుసా?" అన్నారు. ఎరుపు. నీళ్లు ఎర్ర కాంతిని అన్నిటికంటే ముందు మింగేస్తాయి. కొన్ని పదుల మీటర్లు దిగితే ఎర్ర వెలుతురు దాదాపు ఉండదు. అందుకే లోతుల్లో ఎర్రటి రొయ్యలు, ఎర్రటి కోపీపాడ్‌లు ఉంటాయి. ఎర్ర కాంతి లేనిచోట ఎర్రటి ఒళ్లు నల్లగా కనిపిస్తుంది, ఎవరికీ దొరకదు. లోతు సముద్రంలో ఎరుపంటే చీకటి!

చూడండి ఇప్పుడు. పై గడి పచ్చ కలిసిన నీలం, అక్కడ డయాటమ్‌లు, బంగారు గోధుమరంగుతో, బతికున్నవి. దాని కింద కోపీపాడ్‌లు. వాటికి నీళ్లు మనకి తేనెలా చిక్కగా ఉంటాయి, అందుకే ప్రతి మీసం చుట్టూ నీటి గీతలు వేశాను. రాత్రి మేతకి పైకి వస్తాయి, తెల్లారేసరికి దిగిపోతాయి. ఒక మిల్లీమీటరు జీవి, కొన్ని జాతులు వందల మీటర్లు, రోజూ. అందుకే ఎడమవైపు రాత్రి, కుడివైపు పగలు పెట్టాను, ఒకే కోపీపాడ్ రెండు చోట్లా ఉంటుంది. పటంలో రాముడు ప్రతి గడిలోనూ ఉంటాడు కదా, అలాగ. ఇంకా కింద, తెల్లటి చుక్కలు రాలుతున్నాయి. కోపీపాడ్‌ల రెట్టలు, చచ్చిన ప్లవకాలు, జిగురు ముద్దలు, మంచులా రాలుతూనే ఉంటాయి. అడుగువాళ్లకి అదే అన్నం. అక్కడి నుంచి రంగు నెమ్మదిగా మారుతుంది. కిందికి, కిందికి. చివరి ఆరడుగులు చూడండి. నకాషీ ఎరుపు. ఆ పెద్దాయన చెప్పిన ఎరుపు. ఈ పటం ఆయనకి చూపించడానికి వెళ్లాను. కింది గడుల దగ్గర చాలాసేపు కూర్చున్నారు. "ఇప్పుడు లేచింది" అన్నారు.

మధ్యలో ఈ నీలం పోగు ఏమిటని అడుగుతున్నారు కదా, ఆ మూల అమ్మాయి? మంచి ప్రశ్న. అది రంగు కారింది కాదు. నా వలలో ఇప్పుడు తరచుగా పడేది, ప్లాస్టిక్ పోగు. వెంట్రుకకంటే సన్నం. మొదట్లో సూదితో తీసి పారేసి, మిగతాది గీసేదాన్ని. తర్వాత నాకే అబద్ధం అనిపించింది. ఆ చుక్కలో ఉన్నదాన్ని తీసేస్తే నేను మళ్లీ నల్ల కాగితం దగ్గరికే పోయినట్టు. కోపీపాడ్‌లు ప్లాస్టిక్ రేణువుల్ని మింగడం ప్రయోగశాలల్లో చూశారు. అందుకే ఇక్కడ, దీని పొట్టలో కూడా నీలం చుక్క ఒకటి ఉంది. దగ్గరికొస్తే కనిపిస్తుంది.

చేసేవాళ్ల కోసం రెండు మాటలు. ఇంటర్నెట్‌లో ఫోటో చూసి గీయకండి. ఫోటోలో లోతు ఒక్క పొరే. మైక్రోస్కోపులో ఫోకస్ తిప్పుతుంటే పై పెంకు పోయి నడుము వస్తుంది, నడుము పోయి అడుగు వస్తుంది. నేను ఒక్కో ఫోకస్‌కి ఒక్కో ట్రేసింగ్ కాగితం పెడతాను, ఒక్కో కాగితానికి ఒక్కో స్క్రీన్, ఒక్కో పలచటి రంగు. అన్నీ ఒకదాని మీద ఒకటి వేస్తే అప్పుడు గుండ్రం గుండుగా మారుతుంది. ఇంకోటి, తెచ్చిన నీళ్లు ఎండలో పెట్టకండి. మొదటి ఏడాది నేను సీసా కిటికీలో పెట్టి టీ తాగి వచ్చాను. వచ్చేసరికి కోపీపాడ్‌లన్నీ అడుగున పడున్నాయి. చిక్కగా ఉంటే గాలి చాలదు, వేడెక్కితే అసలు చాలదు. ఎక్కువ నీళ్లలో కలిపి, నీడలో, చల్లగా ఉంచండి. గీయడం అయ్యాక తీసుకెళ్లి సముద్రంలో పొయ్యండి.

ఆ పక్క బల్ల మీద మైక్రోస్కోపు పెట్టాను. ఇవాళ పొద్దున్న ఐదున్నరకి తెచ్చిన నీళ్లు. ఇంకో గంట బాగానే ఉంటాయి. ముందు చిన్నపిల్లలు రండి. కన్ను మరీ ఆనించొద్దు, కాస్త ఎడంగా పెట్టి చూడండి. ఎర్రటి చుక్కలా ఒకటి టకటకా ఎగురుతుంటుంది, అది కోపీపాడ్ కన్ను. ఒక్కటే కన్ను. దాన్ని వెంటాడకండి, మీరు కదలకుండా ఉంటే అదే తిరిగి వస్తుంది.